మినిట్స్ బుక్కు

రెండో ఆదివారం, పొద్దున పదిన్నర.
కమ్యూనిటీ హాల్లో పదకొండు కుర్చీలు.
పన్నెండోది మూలమలుపు కాడ మ్యాన్‌హోల్‌లో ఉంది,
తల కిందికి, నాలుగు కాళ్లు మీదికి,
ఒక కాలికి ఎర్ర చీర పీలిక.

మూత పోయింది బతుకమ్మ పండుగప్పుడు.
పాత ఇనుపోడికి ఎవరో అమ్ముకున్నారని ఒకరు,
ఇసుక లారీ తొక్కి విరిగిందని ఒకరు.
ఆ రాత్రి కుర్చీ మోసుకపోయి దాంట్ల దించింది నేనే.
ఈ మాట మినిట్స్‌లో రాయలేదు.

రిటైరైన కండక్టర్ని.
ఇరవయ్యారేండ్లు, ఉప్పల్ నుంచి మెహదీపట్నం దాకా,
నిలబడి రాసిన చెయ్యి. కుదుపుల్లో కూడా అక్షరం వంకర పోదు.
అందుకే ఆగమయ్య ఈ పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టిండు.

అంశం ఒకటి: మూత.
ఏఈ గారు రాలేదు, ఫోన్లో వచ్చారు.
మూత మాది కాదు, నీళ్ల బోర్డుది అన్నారు.
నీళ్ల బోర్డు పిల్లగాడు వచ్చిండు.
గుంత మాదే, రోడ్డు ఎత్తు పెంచింది మాత్రం వాళ్లన్నడు.
మరి నడుమనున్న చీకటి ఎవరి పద్దులోకొస్తదని
జహంగీర్ సాబ్ లేచి నిలబడి అడిగినట్టే ఉంది.
లేవలేదు. కుర్చీ లేక మొదటినుంచీ నిలబడే ఉన్నడు.
కోపం అనుకున్నరు అందరు.

అంశం రెండు: పార్కులో ఊయల గొలుసు.
మూడు: నలభై ఏడో స్తంభం,
పగలంత వెలుగుతది, చీకటిపడంగనే పండుకుంటది.
నవ్విన్రు. నవ్వులు రాసే గడి పుస్తకంలో లేదు.

నాలుగు: సఫాయి బాలనర్సమ్మకు గ్లౌజులు.
ఆమె గుమ్మం బయట నిలబడి వింటున్నది.
లోపలికి రమ్మంటే, చెప్పులకు బురదుంది సార్ అన్నది.
ఆ బురద మన గల్లీదే కదా అని నాలుక చివరిదాక వచ్చింది.
రాసేటోళ్లు మాట్లాడొద్దని రూలేం లేదు,
నేనే పెట్టుకున్న.

"ఏకగ్రీవంగా తీర్మానించడమైనది."
ఈ మాట రాసేటప్పుడల్లా
బస్సు వాసన వస్తది నాకు.
చిల్లర లేకుంటే టికెట్ వెనక బాకీ రాసిచ్చి
దిగేటప్పుడు తీసుకో అనేదాన్ని.
మరిచిపోయి దిగిపోయేటోళ్లు కొందరు.
కొందరు రెండు రూపాయల కోసం
బస్సు కదిలినంక కూడా కిటికీ పట్టుకొని ఉరికేటోళ్లు.
ఈ పుస్తకం నిండ టికెట్ల వెనక రాతలే.
పదహారో పేజీ: మూత.
పంతొమ్మిది: మూత.
ఇరవై మూడు: మూత, త్వరలో.

సంతకాలైనయి. లుక్మీలొచ్చినయి,
పదమూడు మందికి ఏడు.

సాయంత్రం వాన.
మోకాలి లోతు నీళ్లల్లో కుర్చీ కాళ్లు మునిగినయి,
ఎర్ర పీలిక ఒక్కటే మీద తేలి కొట్టుకుంటున్నది.
గొడుగేసుకొని పోయి చూస్తే
బాలనర్సమ్మ అప్పటికే అక్కడుంది,
చీపురు కట్టె అడ్డం పెట్టి బండ్లను మళ్లిస్తున్నది.
ట్యూషన్ పిల్లలు వస్తున్నరు, బ్యాగులు నెత్తిన పెట్టుకొని.

సంచి అడుగున ఈల ఇంకా ఉంది. తీసిన.
ఆటోవానికి హోల్డాన్,
పిల్లలకు రైట్ రైట్.
గొంతు నాకంటే ముందు గుర్తుపట్టింది తన పనిని.
ఆగమయ్య లుంగీ ఎగగట్టి టార్చి పట్టుకొచ్చిండు.
జహంగీర్ సాబ్ ఇంట్లోంచి స్టూలు తెచ్చిండు,
నీ మోకాళ్లు మంచివి కావు, కూసో అన్నడు.
నేను కూసోలేదు, ఆయనా కూసోలేదు,
స్టూలు మీద బాలనర్సమ్మ చెప్పులు పెట్టినం.

తొమ్మిదింటి దాకా నలుగురం.
కోరం లేదు. ఎజెండా లేదు.
నలభై ఏడో స్తంభం అట్లనే నిద్రపోయింది.

ఇంటికొచ్చి పుస్తకం తెరిచిన.
ఏ అంశం కింద రాయాల్నో తెలవలేదు.
ఆఖరి పేజీ వెనక, పెన్సిలుతో, చిన్నగ:
కుర్చీ ఒకటి, హాలుకు బాకీ.
దిగేటప్పుడు.